మాట వినని కిటికీలు

కంప్యూటర్ మీద పొద్దస్తమానం పనిచేసేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. చూసేవాళ్ళకది చాదస్తం. కొత్త మిషన్ చేతికొస్తే వెంటనే పనిలో దిగరు, ముందు సెట్టింగుల్లో దూరతారు. విండో మూసే గుర్తు ఎటువైపుండాలి, పైన పేరు పట్టీ ఎంత మందముండాలి, దాని మీద అక్షరం ఏ సైజులో ఉండాలి, పట్టీ మీద రెండుసార్లు నొక్కితే విండో పెద్దదవ్వాలా లేక చుట్టుకుపోవాలా, మౌస్ బాణం ఎక్కడుంటే టైపింగు అక్కడికి పోవాలా లేక క్లిక్ చేస్తేనే పోవాలా... ఇవన్నీ ఒకసారి కూర్చుని తేల్చుకుంటారు. మళ్ళీ వాటి జోలికి పోయే అవసరం రాకూడదనే ఆ తంటా. చేతికి అలవాటు పడ్డాక కన్ను మ్యాటర్ మీదుంటుంది, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

ఈ సంగతులన్నీ చూసుకునే ప్రోగ్రాముని విండో మేనేజర్ అంటారు. విండో లోపలి సరుకు అప్లికేషన్‌ది. చుట్టూ ఉన్న చట్రం, పైన పట్టీ, మూసే, దించే, పెంచే గుర్తులు, ఏది ముందు ఏది వెనక అనే వరస విండో మేనేజర్‌వి. విండో మేనేజర్ నేను చెప్పినట్టు వింటుంది, అప్లికేషన్ విండో మేనేజర్ చెప్పినట్టు వింటుంది. ఒప్పందం అది. ఈ ఒప్పందాన్ని అప్లికేషన్లు ఒక్కొక్కటిగా తెంచుకుపోతున్నాయి. దీని కోసం ఎవరూ ధర్నాకు కూర్చోరు, నిజమే. కానీ రోజంతా ఆ తెర ముందే బతికేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

మాది ప్రొద్దుటూరు. బంగారానికి, బట్టలకి పేరుపడిన ఊరు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే జిల్లాలో సగం ఇక్కడే బేరమాడుతోందా అనిపిస్తుంది. నగలు, చీరలు కొన్నవాళ్ళు పోతా పోతా శుభలేఖ మ్యాటర్ కూడా ఇచ్చిపోతారు కాబట్టి మాలాంటి డీటీపీ అంగళ్ళకి పనికి కొదవలేదు.

ఒక సాయంత్రం పెళ్ళికొడుకు తాత పేరు కొడుతున్నాను. డీటీపీ చేసేవాడి చూపు తెర మీద కంటే చేతిరాత కాయితం మీదే ఎక్కువుంటుంది. ఆ అదను చూసుకున్నట్టు ఏదో ప్రోగ్రాము, పేరెందుకులెండి, కొత్త వెర్షన్ వచ్చిందంటూ తెర నడిమధ్యకి ఒక డబ్బా తోసింది. తోసి ఊరుకోలేదు, టైపింగుని కూడా తన వైపు లాక్కుంది. తాత పేరులో సగం కార్డులో ఉంది, మిగతా సగం డబ్బా పాలైంది. లైనయిపోయిందని నేను ఎంటర్ కొట్టాను. డబ్బా భాషలో ఎంటర్ అంటే 'సరే' అని. అది సంతోషంగా తన పని మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు నాయన తెర వైపు చూసి, "ఏమబ్బీ, మా నాయన్ను సగంలోనే నిలబెట్టినావే!" అన్నాడు.

ఈ రోగం పాతదే. విండోస్ 95లో ఏ ప్రోగ్రామైనా ఎప్పుడంటే అప్పుడు ముందుకు దూకేది. విండోస్ 98, 2000 నుంచి మైక్రోసాఫ్ట్ దానికి కళ్ళెం వేసింది. యూజరు ఒకచోట పనిలో ఉంటే ఇంకొకటి తోసుకురాకూడదు, కావాలంటే కింద టాస్క్‌బార్‌లో దాని గుర్తు మిణుకుమిణుకుమనొచ్చు, అంతే. దీని వెనక ఒక అంకె కూడా ఉంది: 2,00,000 మిల్లీసెకన్లు. అంటే యూజరు చివరిసారి ఏదైనా మీట నొక్కాక 200 సెకన్ల దాకా ఎవరూ బలవంతంగా ముందుకు రాకూడదని. లినక్స్‌లో కేడీఈ వాళ్ళ విండో మేనేజర్ ఈ కట్టడికి ఐదు మెట్లు పెట్టింది, అసలు వద్దు అనే దగ్గర్నుంచి అతి కఠినం దాకా. ఒక చెడ్డ అలవాటుని ఆపడానికి ఐదు మెట్ల తాళం చెయ్యాల్సి వచ్చిందంటే అలవాటు ఎంత ముదిరిందో చూడండి. తాళం ఉన్నప్పుడు దాన్ని తప్పించుకునే ఉపాయాలు కూడా పుడతాయి. పుట్టాయి.

అసలు ఈ ఏర్పాటు చేసినవాళ్ళు దీన్నంతా ఊహించలేదా అంటే, చాలావరకు ఊహించారు. 1984లో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ షీఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్ మొదలుపెట్టారు. 1987లో వచ్చిన దాని పదకొండో వెర్షనే దశాబ్దాల పాటు యూనిక్స్, లినక్స్ తెరల్లో చాలావాటిని మోసింది. పనిముట్లు మేమిస్తాం, పద్ధతులు మీరు పెట్టుకోండి అన్నది వాళ్ళ సూత్రం. అందుకే విండో మేనేజర్‌ని అసలు వ్యవస్థ నుంచి విడదీసి వేరే ప్రోగ్రాముగా ఉంచారు. నచ్చింది పెట్టుకో, నచ్చకపోతే తీసేసి ఇంకోటి పెట్టుకో. టామ్ లాస్ట్రేంజ్ రాసిన టీడబ్ల్యూఎం అట్లా పుట్టిందే. ఆ తర్వాత డేవిడ్ రోజెంథాల్ ఐసీసీసీఎం అనే నియమావళి రాశారు. చదవడానికి కొరకరాని కొయ్యే అయినా అందులో నాకు నచ్చిన మర్యాద ఒకటుంది. అప్లికేషన్ తనకు ఇంత జాగా కావాలని, ఫలానా చోటు కావాలని అడగొచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం విండో మేనేజర్ ఇష్టం. ఇవ్వకపోతే అలగకుండా ఇచ్చినదాంతో సర్దుకోవాలి.

అదే వ్యవస్థలో ఒక దొడ్డిదారి కూడా పెట్టారు. ఓవర్‌రైడ్ రీడైరెక్ట్ అని విండో మీద ఒక జెండా ఎగరేస్తే, విండో మేనేజర్ ఇక ఆ విండో జోలికి రాదు. కిందికి జారే మెనూల కోసం, క్షణంసేపు కనబడి పోయే చిన్న చిన్న సూచనల కోసం పెట్టిన సౌకర్యమది. దొడ్డిదారి ఉందని తెలిశాక వీధి గుమ్మం ముందు చెప్పులు విడిచేదెవరు?

మన ఊళ్ళలో, పట్టీ తానే గీసుకునే ఈ పెంకితనాన్ని జనం మొదట చూసింది పాటల దగ్గరే అనుకుంటాను. వినాంప్ 1997లో వచ్చింది. పాటలు సీడీలకెక్కించి అమ్మే అంగళ్ళలో, ఇంటర్‌నెట్ సెంటర్లలో అది లేని మిషన్ ఉండేది కాదు. పట్టీ అదే గీసుకునేది, బటన్లూ అదే గీసుకునేది, రోజుకో తొడుగు మార్చేది. అక్షరాలు చీమ తలకాయంత. అయినా ముద్దొచ్చేది. పాటలు పాడే ప్రోగ్రాము ఒకటి అట్లుంటే ఎవరికీ నష్టం లేదు. ఉత్తరాలు రాసేది, లెక్కలు వేసేది, ఊరంతా వాడే బ్రౌజరు కూడా అదే వేషం కట్టినప్పుడు కదా చిక్కు. ఆఫీస్ 2007 టైటిల్ పట్టీ మూలలోకి తన గుండ్రటి బటన్ చొప్పించింది. 2008లో క్రోమ్ ఏకంగా ట్యాబులనే ఆ జాగాలోకి ఎక్కించింది. 2013లో లినక్స్‌లో గ్నోమ్ వాళ్ళ పనిముట్ల పెట్టె జీటీకే 3.10తో హెడర్‌బార్ వచ్చింది. పట్టీ గీసే పని విండో మేనేజర్ చేతిలోంచి అప్లికేషన్ చేతికి పోయింది. పేరు ఉండే చోట వెతుకుడు గడి, మెనూ, నాలుగు బటన్లు చేరాయి. ఎలక్ట్రాన్ మొదలైంది కూడా ఆ సంవత్సరమే. వెబ్ పేజీని మూట కట్టి డెస్క్‌టాప్ ప్రోగ్రాము అని ఇచ్చే విద్య అది. ఆ విద్య వచ్చాక ఎవరి వేషం వాళ్ళది.

జమ్మలమడుగులో నాకు తెలిసిన తెలుగు అయ్యవారు ఒకాయన ఉన్నారు. రిటైరయ్యాక మెకంజీ కైఫీయత్తులు, అంటే పాతకాలపు ఊళ్ళ చరిత్రలు, ముందేసుకుని గండికోట చుట్టుపట్ల పల్లెల సంగతులు రాస్తున్నారు. చెయ్యి కాస్త వణుకుతుంది. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆయన లాప్‌టాప్‌లో లినక్స్ వేసి, తెలుగు మెనూలు పెట్టాను. ఆ మెనూల తెలుగు వెనక ఎందరో స్వచ్ఛంద అనువాదకుల శ్రమ ఉంది, స్వేచ్ఛ సంస్థ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన పని ఉంది. తర్వాత పై పట్టీని బాగా మందం చేశాను, వణికే చెయ్యి కూడా పట్టుకోగలిగేంత. మూసే గుర్తొక్కటే ఎడమ చివరకి, దించేది, పెంచేది కుడి చివరకి మార్చాను. మూడూ పక్కపక్కనే ఉంటే, దించబోయి మూసేసేవారు ఆయన. (బటన్లు ఎడమా కుడా అన్నది పెద్ద తగాదానే. 2010లో ఉబుంటు 10.04 వాటిని ఎడమకి మారిస్తే కొందరు గగ్గోలు పెట్టారు, 2017లో 17.10తో మళ్ళీ కుడికొచ్చాయి. అయ్యవారికి ఆ తగాదా అక్కర్లేదు, ఆయన వేలికి ఆయన చోటు కావాలి.)

విండో మేనేజర్ మాట వినే ప్రోగ్రాములన్నీ బుద్ధిగా అట్లే తెరుచుకున్నాయి. ఫైళ్ళు చూసేది, రాసుకునేది, పీడీఎఫ్ చదివేది, అన్నిట్లోనూ మూసే గుర్తు ఎడమ చివరే, పట్టీ మందంగానే. ఆయనకి ధైర్యం వచ్చింది. అప్పుడు హైదరాబాదు నుంచి మనవడు, మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుందని ఒక ప్రోగ్రాము ఎక్కించిపోయాడు. దానికి నా పట్టీ అక్కర్లేదు, దాని పట్టీ దానికుంది. ఆ పట్టీ నిండా బటన్లే. ఫోను గుర్తు, కెమెరా గుర్తు, గంట, ముఖం బొమ్మ, మూడు చుక్కలు. వాటి మధ్య పట్టుకుని విండో జరపడానికి వేలెడు ఖాళీ జాగా లేదు. మూసే గుర్తు కుడివైపు, గోరంత.

ఒక రాత్రి నాకు ఫోను. "నాయనా, నేను కిటికీ పక్కకు జరుపుదామనుకుంటే అది మనవడికి ఫోను కలిపింది. వాడు నిద్దర్లో ఉలిక్కిపడి లేచి, తాతా ఒంట్లో బాగుందా అంటాండాడు. ఇది జరపడమెట్లా, మూయడమెట్లా?"

మూయడానికి కీబోర్డు మీద రెండు మీటలు చెప్పాను. కానీ ఆయన అడిగిన ప్రశ్న అది కాదని నాకు తెలుసు. ఒకసారి నేర్చుకున్నది అన్నిచోట్లా ఎందుకు పనికిరాదన్నది ఆయన ప్రశ్న. కన్ను మసకబారినవాళ్ళకి, చెయ్యి వణికేవాళ్ళకి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఒకే పద్ధతి ఉండటం సోకు కాదు, దాని మీదే వాళ్ళు నడుస్తారు.

మన లిపికి జరిగే అన్యాయం ఇంకోటుంది, ఇంగ్లీషులో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి అది కంటబడే అవకాశమే తక్కువ. మా అంగట్లో పార్టీల ఆర్డర్లు ఊరి పేరుతో ఫోల్డర్లుగా పెడతాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు పేర్లూ కాయితం మీద రాసి చూడండి. ప్రొద్దుటూరులో ప కింద ర వత్తు, ద కింద ద వత్తు. జమ్మలమడుగులో మ కింద మ వత్తు. పులివెందులలో వత్తే లేదు. ఇంగ్లీషు అక్షరం గీత మీద కూర్చుంటుంది, వై, జీ లాంటివి కొన్ని మాత్రం కాస్త కిందికి కాళ్ళు జాపుతాయి. తెలుగు అలా కాదు, దాని సంసారం సగం గీత కిందే. విండో మేనేజర్ నేనెంచుకున్న ఫాంటు ఎత్తు కొలుచుకుని పట్టీ గీస్తుంది కాబట్టి వత్తుకి చోటు దొరుకుతుంది. తన పట్టీ తానే గీసుకునే ప్రోగ్రాము మాత్రం, ఇన్ని పిక్సెళ్ళు చాలు అని ముందే బిగించి కూర్చుంటుంది. ఫాంటు పెద్దది చేస్తే అక్షరం పెరుగుతుంది, పట్టీ పెరగదు. కింద కోసుకుపోతుంది. అట్లాంటి ప్రోగ్రాము ఒకదాని ట్యాబులో మా ఊరు 'పొదుటూరు' అయింది, జమ్మలమడుగు 'జమలమడుగు' అయింది. పులివెందుల ఒక్కటే చెక్కుచెదరలేదు. (ఇందులో రాజకీయం వెతక్కండి, ఇది ఒట్టి వత్తుల గొడవ.)

విండోస్ ఎక్స్‌పీ కాలంలో టైటిల్ పట్టీ ఎత్తు, దాని మీది ఫాంటు, రంగు విడివిడిగా మార్చుకునే డబ్బా ఒకటుండేది. విండోస్ 8తో మైక్రోసాఫ్టే దాన్ని తీసేసింది. పెత్తనం అప్లికేషన్లది మాత్రమే కాదు, ఇంటి యజమానే తాళాల గుత్తి వెనక్కి లాక్కున్న సందర్భాలూ ఉన్నాయి.

రెండో వైపు వాదన నాకు మా అక్క కొడుకు చెప్పాడు. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. అరటి లోడ్ల లెక్కలు రాసుకోవడానికి తెలిసిన వ్యాపారి కోసం ఒక ప్రోగ్రాము చేసి, చూడు మామా అని తెచ్చాడు. లోపల పని బాగుంది, టన్నుల లెక్క, లారీ బాడుగ, కూలీ, అన్నీ వరసగా ఉన్నాయి. పైన మాత్రం నా చట్రం లేదు. అరటాకు పచ్చ పట్టీ ఒకటి వాడే గీశాడు.

"చట్రం ఏమైందిరా?"

"ఎలక్ట్రాన్‌లో ఒక్క లైను మామా. ఫ్రేమ్, ఫాల్స్. అంతే, పోతుంది. లుక్కు బాగుంటుంది."

లుక్కు సంగతి వదిలేస్తే వాడి దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. చవక లాప్‌టాప్‌ల తెర 1366 బై 768. నిలువునా ఉన్నవి 768 గీతలే. వాటిలో విండో మేనేజర్ పట్టీకి కొన్ని, మెనూకి కొన్ని, బటన్ల వరసకి కొన్ని పోతే లెక్కలకి మిగిలేదెంత? మూడింటినీ ఒకటి చేస్తే నాలుగు లోడ్లు ఎక్కువ కనబడతాయి. ఇది నిజం. ఇంకోటి కూడా చెప్పాడు. వ్యాపారి ఫోను చేసి ఇది ఎట్లా అంటే, "పైన ఎడమ మూల పచ్చ గుర్తు నొక్కన్నా" అని చెప్పాలి. ఆయన మిషన్లో విండోసున్నా, గుమాస్తా మిషన్లో ఇంకేదున్నా ఆ గుర్తు అక్కడే ఉండాలి. ఫోనులో కంప్యూటర్ నేర్పినవాడిగా ఈ మాటకి నా దగ్గర చప్పున జవాబు లేకపోయింది.

తర్వాత ఆలోచిస్తే తోచింది ఇది. వాడి గుర్తు వాడు ఎక్కడైనా పెట్టుకోనీ, అది వాడి విండో లోపలి సంగతి. చట్రం అట్లా కాదు. బజార్లో ప్రతి అంగడివాడూ తన మెట్లు ఒక్క అడుగే కదా అని కాలువ దాటించి రోడ్డు మీదికి జరుపుతాడు. ఎవడి అడుగు వాడికి న్యాయంగానే ఉంటుంది. చివరికి నడిచేవాడికి దారుండదు. ప్రోగ్రాము రాసేవాడు తన ప్రోగ్రాము ఒక్కటే తెర మీద ఉంటుందన్నట్టు ఆలోచిస్తాడు. వాడేవాడి తెర మీద అట్లాంటివి పది ఉంటాయి, పదింటికీ పది రకాల పట్టీలు. వ్యాపారికి ఫోనులో నేర్పడం ఆ ఒక్క ప్రోగ్రాముకి సులువైంది, మిగతా తొమ్మిదింటికీ కష్టమైంది.

అడిగి చేస్తే నాకేమీ అభ్యంతరం లేదు. ట్యాబులని పట్టీలోకి ఎక్కించిన క్రోమే లినక్స్‌లో ఆ మర్యాద పాటించింది. ట్యాబుల వరసలో ఖాళీ చోట కుడి క్లిక్ చేస్తే, సిస్టమ్ టైటిల్ బార్ వాడమని చెప్పే మాట కనబడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో టూల్‌బార్ మార్చుకునే పేజీలో అడుగున టైటిల్ బార్ అని ఒక గడి ఉంది, టిక్కు పెడితే చాలు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడే వీఎస్ కోడ్‌లో కూడా ఇట్లాంటి సెట్టింగే ఉంది. వాళ్ళ సోకు వాళ్ళు పడ్డారు, మన మాటకీ చోటు ఉంచారు.

ఎక్స్ స్థానంలోకి వస్తున్న వేలాండ్‌లో ఈ సంగతి ఇంకా తెగలేదు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టినప్పుడు దాని మూల ఒప్పందంలో చట్రం గీసే పని ఎవరికీ అప్పజెప్పలేదు, అప్లికేషనే గీసుకోవాలన్న అర్థం అందులో తేలింది. తర్వాత ఇంకో ఒప్పందం చేర్చారు. పట్టీ నువ్వు గీస్తావా, నన్ను గీయమంటావా అని ఇద్దరూ ముందే మాట్లాడుకుంటారు. కేడీఈ వాళ్ళు దాన్ని పాటిస్తున్నారు. గ్నోమ్ వాళ్ళు దాన్ని తలకెత్తుకోలేదు, అప్లికేషన్ పట్టీ అప్లికేషన్‌దే అన్న మాట మీద నిలబడ్డారు. వాళ్ళ ప్రోగ్రాములన్నీ ఒక్క తీరుగా ఉంటాయి కాబట్టి వాళ్ళ ఇంట్లో అది ఇబ్బందిగా కనబడదు. బయట నుంచి వచ్చే ప్రోగ్రాము అక్కడ తన చట్రం తాను తెచ్చుకోవాలి, లేకపోతే బోసిగా నిలబడాలి. నా మటుకు నాకు కేడీఈ వాళ్ళ పద్ధతే న్యాయం. ఇద్దరూ మాట్లాడుకుంటే నా మాట కూడా ఎక్కడో ఒకచోట చెల్లుతుంది.

మేనల్లుడితో ఇదంతా చెబితే "చూస్తాలే మామా" అన్నాడు. పులివెందులలో, ప్రొద్దుటూరు వైవీయూ ఇంజనీరింగ్ కాలేజీలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలు ఇంకా ఎందరో ఇట్లాంటి ప్రోగ్రాములు రాస్తారు, మన అంగళ్ళకి, మన మండీలకి, మన అయ్యవార్లకి. వాళ్ళని ఒకటే అడుగుతున్నాను. పట్టీ మీరే గీయాలనిపిస్తే గీయండి. దాన్ని ఆపుకునే గడి ఒకటి సెట్టింగుల్లో ఉంచండి. గీశాక దాని మీద 'ప్రొద్దుటూరు' అని రాసి, ఫాంటు రెండింతలు చేసి, వత్తులు రెండూ నిలిచాయో లేదో చూసుకోండి. ఇంత కష్టం ఎందుకనుకుంటే ఇంకా సులువు. ఎలక్ట్రాన్‌లో ఆ ఒక్క లైను అసలు రాయకపోతే, విండో మేనేజర్ చట్రం దానంతటదే వస్తుంది.